షుగర్ ఉన్నవాళ్లు కొలనోస్కోపీకి ముందు పేగు శుభ్రం చేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కొలనోస్కోపీలో కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో పెద్దపేగు లోపలి గోడను చూస్తారు. గోడ కనబడాలంటే పేగులో మలం ఏమాత్రం ఉండకూడదు. అందుకే ముందు రోజు విరేచనాల మందు తాగిస్తారు. షుగర్ లేనివాళ్లకు ఇది ఒక రాత్రి పడే అవస్థ. షుగర్ ఉన్నవాళ్లకు మాత్రం పేగు శుభ్రపడాలి, ఈలోగా షుగర్ పడిపోనూ కూడదు. ఇన్నేళ్లుగా పాటిస్తున్న పథ్యం ఈ మూడు నాలుగు రోజులు తిరగబడుతుంది. పీచు మానాలి, కొన్ని మాత్రలు ఆపాలి, కొంత తీపి తాగాలి. ఈ మాట ఇంట్లోవాళ్లకు కూడా ముందే చెప్పి ఉంచండి. లేకపోతే మీ చేతిలో గ్లూకోజ్ నీళ్ల గ్లాసు చూసి లాక్కునేది వాళ్లే.

ఇక్కడ రాసిన మోతాదులు పెద్దవాళ్లకు సాధారణంగా చెప్పేవి. మీ కిడ్నీలు, గుండె, మీరు వాడే ఇన్సులిన్‌ను చూసి మీ డాక్టర్ వేరేగా రాసిస్తే, డాక్టర్ రాసిందే పాటించండి.

షుగర్ ఉన్నవాళ్లకు పేగు సరిగా శుభ్రపడదంటారు, ఎందుకని?

చాలా ఏళ్లుగా షుగర్ ఉంటే కాళ్ల నరాలు దెబ్బతిన్నట్టే పొట్టనూ పేగునూ కదిలించే నరాలు కూడా దెబ్బతింటాయి. తిన్నది పొట్టలోంచి ఆలస్యంగా కిందికి దిగుతుంది. పెద్దపేగు కదలిక కూడా మందగిస్తుంది. మలబద్ధకం ఉన్నవాళ్లలో మూడు నాలుగు రోజుల మలం పేగులో పేరుకుని ఉంటుంది. దీనికి తోడు రక్తంలో షుగర్ బాగా ఎక్కువగా ఉన్నప్పుడు పొట్ట ఖాళీ కావడం ఇంకా నెమ్మదిస్తుంది. కాబట్టి అందరికీ పనిచేసే మందే మీకు రెండు గంటలు ఆలస్యంగా, అరకొరగా పనిచేయవచ్చు.

పేగు ఎంత శుభ్రంగా ఉందో చెప్పడానికి డాక్టర్లు బోస్టన్ స్కేల్ వాడతారు. పెద్దపేగును మూడు భాగాలుగా చూసి ఒక్కో భాగానికి 0 నుంచి 3 మార్కులు వేస్తారు. ప్రతి భాగానికీ కనీసం 2, మొత్తం మీద కనీసం 6 రావాలి. కుడివైపు భాగంలోనే ఎక్కువగా మార్కులు తగ్గుతాయి. గోడకు అతుక్కుని ఉండే చదునైన పాలిప్‌లు (పేగు గోడమీద పెరిగే చిన్న కండలు) దాక్కునేదీ అక్కడే. మార్కులు చాలకపోతే ఈ అవస్థంతా మళ్లీ మొదటినుంచి పడాలి.

అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఏమేం చెప్పాలి?

ముందు షుగర్ ఉందని చెప్పి, పొద్దున మొదటి కేసుగా పెట్టమని అడగండి. ఖాళీ కడుపుతో గడిపే గంటలు ఎంత తగ్గితే అంత మంచిది. వాడే మాత్రల పేర్లు నోటితో చెప్పకుండా స్ట్రిప్పులే పట్టుకెళ్లండి. మన దగ్గర షుగర్ మాత్రల్లో సగానికి సగం రెండు మూడు మందులు కలిసినవే ఉంటాయి. పేరు చివర ‘ఎం’ అని, ‘జీపీ’ అని, ‘వీ’ అని ఉన్న ఆ ఒక్క అక్షరాన్ని బట్టి ఏది ఎన్ని రోజుల ముందు ఆపాలన్నది మారిపోతుంది.

కిడ్నీ పరీక్ష ఇటీవల చేయించకపోతే క్రియాటినిన్ చూపించుకోండి. ఏ మందు తాగాలో తేల్చేది చాలావరకు అదే. రోజూ మోషన్ కాకపోవడం, కొంచెం తిన్నా కడుపు నిండినట్టు ఉండటం, ఇంతకుముందు కొలనోస్కోపీలో పేగు శుభ్రపడలేదని చెప్పి ఉండటం, ఎప్పుడైనా షుగర్ పడిపోయి స్పృహ తప్పడం, ఈ నాలుగింటిలో ఏది ఉన్నా దాచకండి.

చాలాచోట్ల చేతికిచ్చే కాగితం అందరికీ ఒకటే. అందులో మందు ఎలా కలపాలో ఉంటుంది కానీ షుగర్ మాత్రల సంగతి ఉండదు. ఆ కాగితం తీసుకుని మీ షుగర్ డాక్టర్ దగ్గరికి వెళ్లి, దాని వెనకే మాత్రల, ఇన్సులిన్ వివరాలు తేదీలతో రాయించుకోండి. పరీక్షకు వారం రోజుల ముందు ఈ పని అయిపోవాలి. ముందు రోజు సాయంత్రం ఫోన్ చేస్తే కొన్ని మందుల విషయంలో అప్పటికే ఆలస్యమైపోయి ఉంటుంది.

పేగు కడిగే మందుల్లో ఏది మంచిది?

షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి పెగ్ పొడి సురక్షితం. పాలీఇథిలీన్ గ్లైకాల్‌కు లవణాలు కలిపిన పొడి ఇది. మన మందుల షాపుల్లో పెగ్లెక్ లాంటి పేర్లతో దొరుకుతుంది. దీన్ని పేగు పీల్చుకోదు. తాగిన నీరు తాగినట్టే పేగును కడిగి బయటికొస్తుంది, ఒంట్లోని నీరూ లవణాలూ పెద్దగా అటూ ఇటూ కావు. అందుకే కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లకు కూడా ముందుగా దీన్నే రాస్తారు. ఇందులో గ్లూకోజ్ ఉండదు కాబట్టి షుగర్ పెంచదు, పడిపోతే కాపాడదు కూడా. ఎక్కువ నీళ్లు తాగాల్సి రావడమే దీంతో వచ్చే కష్టం. మామూలుగా 2 లీటర్లు, మలబద్ధకం ఉన్నవాళ్లకు కొందరు డాక్టర్లు 4 లీటర్ల దాకా చెబుతారు.

సీసాల్లో వచ్చే సల్ఫేట్ లవణాల మందు పరిమాణంలో తక్కువ. కానీ అది ఒంట్లోంచి నీటిని పేగులోకి లాగుతుంది. దానిమీద చెప్పిన నీళ్లు కచ్చితంగా తాగితేనే మంచిది. మెగ్నీషియం ఉన్న మందులు, పికోసల్ఫేట్‌తో కలిపి వచ్చేవి కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు పనికిరావు.

సోడియం ఫాస్ఫేట్ మందును నోటితో తాగడం మాత్రం షుగర్ ఉన్నవాళ్లకు వద్దు. ఫాస్ఫేట్ స్ఫటికాలు కిడ్నీ గొట్టాల్లో పేరుకుని కిడ్నీని శాశ్వతంగా దెబ్బతీసిన కేసులు రావడంతో, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లో దీనిమీద తీవ్ర హెచ్చరిక పెట్టించింది. వయసు పైబడినవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు వాడేవాళ్లకు ఆ ప్రమాదం ఎక్కువ. చాలామంది షుగర్ పేషెంట్లు ఈ మూడింటిలోకీ వస్తారు. చీటీలో ఫాస్ఫేట్ అని కనబడితే కొనే ముందు డాక్టర్‌ను అడగండి.

తిండి ఎన్ని రోజుల ముందు మార్చాలి? ఏం తినాలి?

మామూలు మనుషులకు ముందు రోజు మార్చినా సరిపోతుంది. మీకు మూడు రోజులు కావాలి. షుగర్ వచ్చాక మంచిదని అలవాటు చేసుకున్న తిండే ఇప్పుడు అడ్డు: కొర్రలు, రాగి సంకటి, జొన్న రొట్టె, దంపుడు బియ్యం, ఆకుకూరలు, జామకాయ, మొలకలు, పొద్దున్నే తాగే నానబెట్టిన మెంతులు. వీటన్నిట్లోనూ పీచో గింజలో ఉంటాయి. గింజలు విరేచనాల మందుకు కరగవు. పేగు మడతల్లో నిలిచిపోయి కెమెరా పక్కనున్న సన్నటి గొట్టానికి అడ్డుపడతాయి.

మన వంటలో ఎవరికీ తట్టనివి పోపు గింజలు. ఆవాలు, జీలకర్ర, కరివేపాకు ముక్కలు. ఆ మూడు రోజులు పోపు లేకుండా వండుకోండి, లేదా పోపు వేసి వడగట్టుకోండి. నువ్వులపొడి, గసగసాలు, కొబ్బరి కోరు, పల్లీ చట్నీ, గోంగూర, బెండ, వంకాయ, చిక్కుడు, గింజతో ఉన్న టమాటా, దానిమ్మ మానండి. ఇసబ్గోల్ వాడుతుంటే అదీ ఆపాలి.

తెల్లన్నం, ఇడ్లీ, మెత్తటి ఉప్మా (పోపు, కూరగాయ ముక్కలు లేకుండా), పెరుగన్నం, మజ్జిగ, కోడిగుడ్డు, తోలు తీసిన చికెన్, చేప, చెక్కు తీసి మెత్తగా ఉడికించిన ఆనపకాయ, బంగాళదుంప తినొచ్చు. తెల్లన్నంతో షుగర్ కొంచెం పెరుగుతుంది. పరిమాణం తగ్గించి, గుడ్డో పెరుగో కలుపుకుంటే ఆ పెరుగుదల అదుపులో ఉంటుంది. ఈ మూడు రోజులు 180 దాటి 200 చూపించినా కంగారుపడి మళ్లీ జొన్న రొట్టెకు మళ్లకండి.

మలబద్ధకం ఉన్నవాళ్లకు ఈ రోజుల్లోనే రాత్రిపూట బిసకోడిల్ మాత్రలు ఇస్తారు. పేరుకున్న మలం ముందుగా కదిలితే అసలు మందు తన పని తాను చేస్తుంది. డాక్టర్ రాయకపోతే మీరే అడగండి.

ముందు రోజు ద్రవాలే తాగమన్నారు. తీపివి తాగొచ్చా?

తాగొచ్చు. మాత్రల మీద, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు తాగాలి కూడా. ఆ రోజు ఎక్కువమంది చేసే పొరపాటు, తీపి వద్దని రోజంతా పచ్చి మంచినీళ్లు, చక్కెర లేని టీతో గడపడం. సాయంత్రానికి చెమటలు పట్టి కూలబడేది వీళ్లే. ఏకాదశి ఉపవాసం అలవాటున్న పెద్దవాళ్లు ‘మాకు ఆకలి ఏం కాదు’ అంటారు. ఆకలి సంగతి పక్కన పెట్టండి. మందుతో నీళ్లన్నీ బయటికి పోతున్నాయి, ఇన్సులిన్ లోపల పనిచేస్తూనే ఉంది.

ఇన్సులిన్ వాడేవాళ్లు భోజనం వేళలకు సుమారు 45 గ్రాములు, మధ్యలో 15 నుంచి 30 గ్రాముల పిండిపదార్థం ద్రవాల్లోంచి వచ్చేలా చూసుకోవాలి. ఒక్క మెట్‌ఫార్మిన్ మీదే ఉన్నవాళ్లకు అంత అక్కర్లేదు, రీడింగ్ చూసుకుంటూ తాగితే చాలు. 15 గ్రాములంటే సుమారు మూడు చెంచాల పంచదార వేసిన నిమ్మరసం, లేదా 150 మి.లీ. వడకట్టిన యాపిల్ రసం. కొబ్బరినీళ్లలో తీపి అంతకంటే తక్కువ, పొటాషియం మాత్రం ఎక్కువ. కిడ్నీ జబ్బు ఉంటే కొబ్బరినీళ్లు వద్దు.

ద్రవం అంటే గ్లాసు వెనక పెట్టిన అక్షరాలు చదవగలిగేటంత తేటగా ఉన్నది. వడకట్టిన చారు తేట, పాలు లేని టీ కాఫీ, వడకట్టిన చికెన్ సూప్, తెల్లటి గ్లూకోజ్ నీళ్లు, నిమ్మరసం, లేతరంగు సోడాలు. పాలు, మజ్జిగ, రాగిజావ, పల్పుతో ఉన్న రసాలు ద్రవాలే అయినా ఈ లెక్కలోకి రావు. ఎర్రవి, ఊదావి కూడా వద్దు: దానిమ్మ, ద్రాక్ష, బీట్‌రూట్ రసం, రంగు షర్బత్‌లు. లోపల చూస్తే రక్తంలా కనబడతాయి.

ఓఆర్‌ఎస్ గురించి ఒక మాట. నీరూ లవణాలూ నిలబెట్టడానికి అది చాలా మంచిది. కానీ లీటరు ఓఆర్‌ఎస్‌లో ఉండే గ్లూకోజ్ 13.5 గ్రాములే. అంటే 200 మి.లీ. గ్లాసులో మూడు గ్రాములు కూడా ఉండదు. షుగర్ పడిపోయినప్పుడు ఓఆర్‌ఎస్ గ్లాసు తాగి కూర్చుంటే లేచే మాట లేదు.

షుగర్ మాత్రలు ఏవి ఎప్పుడు ఆపాలి?

స్ట్రిప్పు వెనక ఉన్న అసలు మందు పేరు చదవండి. బ్రాండ్ పేరు చూసి లాభం లేదు.

పేరు చివర ‘గ్లిఫ్లోజిన్’ ఉన్నవి (డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్) అన్నిటికంటే ముందు ఆపాలి. పరీక్షకు కనీసం మూడు రోజుల ముందు. గురువారం పరీక్ష అయితే ఆదివారం వేసుకున్నదే ఆఖరి మాత్ర. ఎర్టుగ్లిఫ్లోజిన్ అయితే నాలుగు రోజులు. ఈ మందులు షుగర్‌ను మూత్రంలోకి తోసేస్తాయి. తిండి లేకుండా, నీరు తగ్గినప్పుడు ఇవి ఒంట్లో ఉంటే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) పేరుకుని కీటోఅసిడోసిస్ అనే ప్రమాదకరమైన స్థితి రావచ్చు. మీటర్‌లో షుగర్ 150, 180 మాత్రమే ఉన్నా రావడం దీనిలోని మోసం. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, విపరీతమైన నీరసం వస్తే అందరూ విరేచనాల మందు వల్లే అనుకుంటారు. ఈ మాత్రలు వాడుతున్నవాళ్లలో ఆ లక్షణాలు కనబడితే రీడింగ్ బాగుందని ఊరుకోకుండా కీటోన్ పరీక్ష చేయించాలి. గుండె కోసమో కిడ్నీ కోసమో ఇదే మాత్ర రాసిన డాక్టర్ వేరే ఉంటే ఆయనకు చెప్పి ఆపండి.

గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిపిజైడ్, గ్లిబెన్‌క్లమైడ్: షుగర్ పడగొట్టేవి ఇవే. ద్రవాల మీదే ఉండే రోజున, పరీక్ష రోజు పొద్దున వేసుకోకూడదు. ముందు రోజు పొద్దున టిఫిన్ తినే పద్ధతి అయితే కొందరు డాక్టర్లు ఆ పూట సగం మోతాదు ఉంచుతారు, సాయంత్రం మోతాదు మాత్రం ఎవరూ ఉంచరు. గ్లిబెన్‌క్లమైడ్ పాత మందు, ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది. దానితో పడిపోయిన షుగర్ ఒకసారి లేచి మళ్లీ పడుతుంది.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ పడిపోయే భయం లేదు. కానీ నీరు తగ్గి కిడ్నీ నీరసించినప్పుడు అది ఒంట్లో నిలిచి లాక్టిక్ యాసిడ్ పెంచవచ్చు. ఘనాహారం ఆపిన దగ్గర నుంచి దాన్నీ ఆపి, మళ్లీ మామూలుగా తిన్నాక మొదలుపెట్టడం మంచి పద్ధతి. చాలామందికి గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ ఒకే మాత్రలో ఉంటాయి. ఒకటి ఆపాలంటే రెండూ ఆగుతాయి, ఫరవాలేదు.

సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్‌లతో ప్రమాదం తక్కువ. పరీక్ష రోజు పొద్దున మానేస్తే సరిపోతుంది. పయోగ్లిటజోన్ కూడా అంతే.

వోగ్లిబోస్, అకార్బోస్ తిండితోపాటు వేసుకునేవి, తిండి లేనప్పుడు వాటికి పనే లేదు. వీటిలో మెలిక ఏమిటంటే, ఇవి పంచదారను విడగొట్టనివ్వవు. ఈ మాత్ర వేసుకున్నాక షుగర్ పడిపోతే పంచదార నీళ్లు తాగినా తొందరగా పెరగదు. గ్లూకోజ్ పొడే కావాలి.

ఇన్సులిన్ పూర్తిగా మానేయాలా?

పూర్తిగా మానకూడదు. టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని రకం షుగర్) ఉన్నవాళ్లు అసలే మానకూడదు. తిండి లేకపోయినా ఒంటికి కనీస ఇన్సులిన్ కావాలి. అది లేకపోతే కొన్ని గంటల్లోనే కీటోన్లు మొదలవుతాయి.

రోజుకోసారి వేసుకునే గ్లార్జిన్, డెటెమిర్ అయితే ముందు రోజు మోతాదు సాధారణంగా 20 నుంచి 25 శాతం తగ్గిస్తారు. రాత్రి 20 యూనిట్లు వేసుకునేవాళ్లకు 15 లేదా 16 అన్నమాట. తరచూ షుగర్ పడిపోయే వాళ్లకు ఇంకా తగ్గిస్తారు. డెగ్లుడెక్ 42 గంటలకు పైగా పనిచేస్తుంది కాబట్టి ముందు రాత్రి ఒక్కసారి తగ్గిస్తే చాలదు, ఇంకా ముందు నుంచే తగ్గించాల్సి ఉంటుంది.

భోజనానికి ముందు వేసుకునే త్వరగా పనిచేసే ఇన్సులిన్‌కు సూత్రం ఒక్కటే: భోజనం లేకపోతే ఇంజెక్షన్ లేదు. షుగర్ బాగా పెరిగితే వేసుకునే అదనపు మోతాదు ఎంతో ముందే రాయించుకోండి.

మన దగ్గర ఎక్కువమంది వాడే 30/70 మిక్స్ ఇన్సులిన్‌తోనే చిక్కు ఎక్కువ. అందులో త్వరగా పనిచేసేదీ, నిదానంగా పనిచేసేదీ కలిసి ఉంటాయి. ఒకటి ఆపి ఇంకొకటి ఉంచడం కుదరదు. ముందు రోజు సగం మోతాదు, పరీక్ష రోజు పొద్దున ఏమీ వేసుకోకుండా వచ్చి, తిన్నాక సగం వేసుకోవడం ఎక్కువగా చెప్పే పద్ధతి. ఇది మాత్రం సొంతంగా నిర్ణయించుకోకండి. ఒకే మిక్స్ వాడే ఇద్దరికి అవసరాలు బాగా తేడాగా ఉంటాయి.

వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్ సంగతి?

సెమాగ్లుటైడ్, డులాగ్లుటైడ్, టిర్జెపటైడ్ పొట్ట ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేస్తాయి. మత్తు ఇచ్చాక పొట్టలో మిగిలింది ఊపిరితిత్తుల్లోకి పోతుందన్న భయంతో అమెరికా మత్తు వైద్యుల సంఘం 2023లో వారం ముందే ఆపాలంది. 2024లో కొన్ని వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన ఉమ్మడి సూచన దాన్ని సడలించింది. వాంతులు, ఉబ్బరం లేనివాళ్లు కొనసాగించవచ్చని, ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్లు 24 గంటలు ద్రవాలే తీసుకోవాలని చెప్పింది. ఆస్పత్రిని బట్టి పద్ధతి మారుతుంది కాబట్టి ఎప్పుడు మొదలుపెట్టారో, ఆఖరి ఇంజెక్షన్ ఏ తేదీన వేసుకున్నారో చెప్పండి. బరువు తగ్గడానికి వాడుతున్నా చెప్పాల్సిందే. అలవాటు చొప్పున పరీక్ష వారంలో వేసుకుని, అడిగితే షుగర్ మందు కాదు కదా అని ఊరుకునేవాళ్లున్నారు.

బీపీ, గుండె మాత్రలు?

ఐరన్ మాత్రలు 5 నుంచి 7 రోజుల ముందు ఆపాలి, మలాన్ని నల్లగా జిగటగా చేసి గోడకు అంటిస్తాయి. నీరు పోయే మాత్రలు, టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి విరేచనాలు అవుతున్నంతసేపు బీపీని, కిడ్నీని కుంగదీస్తాయి, ఆ పూటలకు ఆపడం గురించి అడగండి. మిగతా బీపీ మాత్రలు, థైరాయిడ్, ఫిట్స్ మాత్రలు గుక్కెడు నీళ్లతో వేసుకోవచ్చు. విరేచనాల మందు మొదలుపెట్టే గంట ముందు లోపు వేసుకున్న మాత్ర అలాగే కొట్టుకుపోతుంది. కాస్త ముందే వేసుకోండి.

రక్తం పలచబడే మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. స్టెంట్ వేయించుకున్నవాళ్లు క్లోపిడోగ్రెల్ ఆపాలా వద్దా అన్నది గుండె డాక్టరే చెప్పాలి. ఆస్పిరిన్ చాలావరకు కొనసాగిస్తారు.

మందు ఎలా తాగాలి? ఉదయం 9 గంటలకు పరీక్ష అయితే?

మొత్తం ఒకే రాత్రి తాగేయకండి. సగం ముందు సాయంత్రం, సగం పరీక్ష రోజు తెల్లవారుజామున తాగితే పేగు ఎంతో శుభ్రంగా ఉంటుంది. రాత్రంతా చిన్నపేగు నుంచి పైత్యరసం దిగుతూ కుడివైపు గోడకు పూతలా అంటుకుంటుంది. తెల్లవారి తాగే సగం దాన్ని కడుగుతుంది. నిద్ర చెడుతుందని ఆ రెండో సగాన్ని రాత్రికే ముగించేవాళ్లకే మార్కులు తగ్గుతాయి.

పెగ్ పొడి ప్యాకెట్‌ను 2 లీటర్ల మంచినీళ్లలో మధ్యాహ్నమే కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లగా ఉంటే ఉప్పదనం అంతగా తెలియదు. కొంచెం నిమ్మరసం పిండుకోవచ్చు. పంచదార, గ్లూకోజ్ మాత్రం అందులో కలపొద్దు, లవణాల లెక్క తప్పుతుంది. తీపి వేరే గ్లాసులో తాగండి.

సాయంత్రం 6కు మొదలుపెట్టి 250 మి.లీ. గ్లాసు చొప్పున ప్రతి 15 నిమిషాలకు ఒకటి, నాలుగు గ్లాసులు. గంటా రెండు గంటల్లో విరేచనాలు మొదలవుతాయి. మీకు మూడు గంటలూ పట్టవచ్చు. ఆ తర్వాత పడుకునే దాకా తేట ద్రవాలు. తెల్లవారుజామున 4 గంటలకు లేచి షుగర్ చూసుకుని, మిగతా లీటరు ఐదున్నర లోపు ముగించండి. 7 దాకా తేట ద్రవాలు తాగొచ్చు. 7 తర్వాత నీళ్లు కూడా వద్దు. పరీక్షకు ముందు రెండు గంటలు పొట్ట ఖాళీగా ఉండాలి.

మధ్యాహ్నం 2 గంటలకు పరీక్ష పడితే రెండో సగాన్ని ఉదయం 9కి మొదలుపెట్టండి. నిద్ర చెడదు, కానీ ఆకలి గంటలు పెరుగుతాయి, కాబట్టి పొద్దున తీపి ద్రవాలు మరువకండి.

షుగర్ ఎన్నిసార్లు చూసుకోవాలి? పడిపోతే ఏం చేయాలి?

ముందు రోజు నాలుగు గంటలకోసారి, విరేచనాల మందు తాగుతున్నంతసేపు రెండు గంటలకోసారి. పడుకునే ముందు, తెల్లవారి లేవగానే, ఇంట్లోంచి బయల్దేరే ముందు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు రాత్రి 2 గంటలకు కూడా. మీటర్ స్ట్రిప్పులు 15 దాకా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. గ్లూకోజ్ పొడి పట్టుకున్న చేత్తో వేలు గుచ్చితే మీటర్ అబద్ధం చెబుతుంది, కడుక్కుని తుడుచుకుని గుచ్చండి. చేతికి షుగర్ చూపించే సెన్సార్ పెట్టుకున్నవాళ్లు కూడా అనుమానం వస్తే వేలి రక్తంతో సరిచూసుకోండి.

ఆ రోజుకు 110 నుంచి 200 మధ్య ఉంటే హాయిగా ఉన్నట్టు. 70 కంటే తగ్గితే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి అర గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగి, 15 నిమిషాలాగి మళ్లీ చూడండి. ఇంకా తక్కువగానే ఉంటే మళ్లీ అంతే. పెరిగాక గంటలోపు మరోసారి చూడాలి, ఎందుకంటే వెనకాల నిలబెట్టే అన్నం లేదు. 90 చూపిస్తూ, కిందికి దిగుతూ ఉంటే కూడా ఆగకుండా కొంచెం తీపి తాగండి.

పరీక్షకు ముందున్న ఆ రెండు గంటల్లో పడిపోతే? ఏమీ తాగొద్దన్నారని ఓర్చుకోవద్దు. గ్లూకోజ్ తీసుకోండి, ఆస్పత్రికి ఫోన్ చేసి ఎప్పుడు ఎంత తాగారో చెప్పండి. మహా అయితే పరీక్ష ఒక గంట ఆలస్యమవుతుంది. ఆస్పత్రిలోనే ఉంటే నర్సుకు చెబితే సెలైన్ ద్వారా ఎక్కిస్తారు. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో ఇంట్లోవాళ్లు నీళ్లు పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి.

షుగర్ 300 దాటితే తీపి ఆపి నీళ్లు, చారు తేట మాత్రమే తాగుతూ డాక్టర్‌కు చెప్పండి. విరేచనాల మందు మాత్రం ఆపక్కర్లేదు.

వాంతి వస్తోంది. లేదా మోషనే రావడం లేదు.

అరగంట ఆగి, మళ్లీ చిన్న గుక్కలతో మొదలుపెట్టండి. గ్లాసుకు 15 నిమిషాల బదులు 25 నిమిషాలు తీసుకోండి. పొట్ట మందంగా ఉండేవాళ్లు 6కు బదులు 4 గంటలకే మొదలుపెడితే ఈ బాధ తగ్గుతుంది. వాంతి ఆపే మాత్ర ముందే రాయించుకుని పెట్టుకోవడం మంచిది. మూడు గంటలైనా మోషన్ రాకపోతే లేచి ఇంట్లో నడవండి. కడుపు రాయిలా ఉబ్బి నొప్పి, వాంతులు ఉంటే ఇంకో గ్లాసు తాగకుండా డాక్టర్‌కు ఫోన్ చేయండి.

శుభ్రపడిందని ఎలా తెలుసుకోవాలి?

ఎన్నిసార్లు వెళ్లారన్నది లెక్కలోకి రాదు. ఆఖరి మోషన్ మూత్రంలా లేత పసుపు నీళ్లుగా, అడుగు కనబడేలా ఉండాలి. మడ్డిగా, గోధుమరంగులో, అడుగున ముక్కలతో ఉంటే ఇంకా కాలేదు. అలా ఉంటే బయల్దేరే ముందే ఆస్పత్రికి చెప్పండి. అదనపు మందో, ఎనిమానో ఇచ్చి కొంచెం ఆలస్యంగా చేస్తారు. మత్తు ఇచ్చాక తెలిస్తే మధ్యలో ఆపేయాల్సి వస్తుంది.

రాత్రి ఒంటరిగా ఉండొచ్చా?

వద్దు. నీరు తగ్గి, లేచి నిలబడగానే బీపీ పడిపోవడం షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువ. బాత్రూంకు పరుగెత్తి జారిపడే ప్రమాదం ఉంది. లైటు వేసి ఉంచండి, గడియ పెట్టుకోకండి, చెప్పులు లేకుండా నడవకండి. గొంతుక్కూర్చునే దొడ్డి మాత్రమే ఉంటే మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దవాళ్లకు అద్దెకైనా కమోడ్ కుర్చీ తెప్పించండి. మంట పుట్టకుండా మొదటినుంచే కొబ్బరినూనె రాసుకుంటూ, తుడవకుండా నీళ్లతో కడుక్కోండి.

ఊరి నుంచి విజయవాడకో హైదరాబాద్‌కో రావాల్సినవాళ్లు రాత్రి బస్సులో ప్రయాణం పెట్టుకుంటే రెండో సగం తాగే దారే ఉండదు. ముందు మధ్యాహ్నానికే చేరి ఆస్పత్రి దగ్గర బాత్రూం ఉన్న గదిలో దిగండి. అదీ కుదరకపోతే ముందు రోజే చేర్చుకుని మందు తాగిస్తారేమో అడగండి. వయసు మళ్లి, కిడ్నీ కూడా దెబ్బతిన్న షుగర్ పేషెంట్లకు నిజానికి అదే మేలు.

పరీక్ష అయ్యాక మాత్రలు, ఇన్సులిన్ ఎప్పుడు మొదలుపెట్టాలి?

మత్తు దిగి, మింగగలిగాక షుగర్ చూసుకుని ఇడ్లీయో పెరుగన్నమో తినండి. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ తిన్న తర్వాతి పూట నుంచి మామూలుగా. పొద్దున వదిలేసిన మోతాదును కలిపి రెట్టింపు వేసుకోకండి. గ్లిఫ్లోజిన్ మాత్రలు మాత్రం ఒకటి రెండు రోజులు సరిగా తిని, నీళ్లు బాగా తాగాకే. ఇన్సులిన్ ఆ రాత్రి పూర్తి మోతాదు వేసుకోవాలంటే రాత్రి భోజనం కూడా పూర్తిగా తినాలి. అలసటతో తినకుండా పడుకునేలా ఉంటే తగ్గించి వేసుకోవాలి. ఆ రాత్రి కూడా ఒకసారి లేచి చూసుకోండి. 24 గంటల దాకా బండి నడపకండి.

పాలిప్ తీసి ఉంటే రెండు వారాల వరకూ రక్తస్రావం కావచ్చు. రక్తం గడ్డలు గడ్డలుగా పడటం, తగ్గని కడుపునొప్పి, జ్వరం, పొట్ట బిగుసుకుపోవడం కనబడితే తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. వెళ్లేటప్పుడు కొలనోస్కోపీ రిపోర్టు, మాత్రల స్ట్రిప్పులు వెంట ఉండాలి.